రెమిషను వేఱు, దొంగలెక్క వేఱు

పూర్వము మన రయిత్వారీ గ్రామములలో జమాబందీ కాలమున శిస్తు రెండు విధములుగా తగ్గుచుండెడిది. వానలు కురియక, కాలువ నీ రందక పైరు శావి పోయినప్పుడు అధికారులు అజమాయిషీకి వచ్చి, చేను కన్నులార చూచి, శిస్తులో కొంత రెమిషను నిచ్చుట యొక విధము. కరణము రయితుతో లాలూచిపడి మాగాణిని మెట్టగా అడంగలులో వ్రాసివేయుట రెండవ విధము. రెంటివలనను సర్కారునకు వచ్చు సొమ్ము తగ్గును. అయినను మొదటిది ధర్మము, రెండవది మోసము. రెమిషను నిచ్చిన యేడు నియమము నిలిచియే యుండును. మఱుసటి యేడు పైరు పండినచో శిస్తు మఱల పూర్తిగా వసూలగును. లెక్క తప్పిన పొలమున నియమము కాగితముపై మాత్రమే మిగులును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియా ప్రభుత్వము మోటారు కంపెనీలకు 1990వ సంవత్సరమున ఒక నిబంధన విధించెను. ఆ రాష్ట్రమున అమ్ము క్రొత్త బండ్లలో ఇంత భాగము గొట్టమునుండి ఏమాత్రము పొగ వెలువరింపనివై యుండవలెనని దాని సారాంశము. అట్టి బండ్లను మేమిచ్చట నిర్ధూమ శకటములని వ్యవహరింతుము. నాటినుండి ఆ నిబంధన పలుమాఱులు సడలెను, బిగిసెను, మఱల సడలెను. ఈ సడలింపులను కొందఱు వివేకమని మెచ్చుకొనిరి. కొందఱు పిఱికితనమని నిందించిరి. వీనిలో ఏది రెమిషనువంటిది, ఏది దొంగలెక్కవంటిది యని విడదీసి చూచినగాని ఈ వివాదము తేలదని మా యభిప్రాయము. ఇది పరదేశపు ముచ్చట యని త్రోసివేయదగినది కాదు. బండ్ల పొగ మన పట్టణములలోను బిడ్డల రొమ్ములలో చేరుచున్నది. కంపెనీలకు నియమములు వ్రాయువారు మన దేశమునను గలరు.

ఒక రాష్ట్రమునకు ఇట్టి యధికార మెట్లు సంక్రమించినదో ముందు తెలిసికొనవలెను. 1943 జూలైలో లాస్ ఏంజెలిస్ నగరమును దట్టమైన పొగమంచు క్రమ్మివేసెను. జనులకు కన్నులు మండెను, గొంతు పట్టెను. యుద్ధకాల మగుటచే శత్రువులు విషవాయువును ప్రయోగించిరేమోయని కూడ శంక పుట్టెను. ఆ పొగమంచు ఒకనాటితో పోక ఏటేట వచ్చుచుండెను. 1950 తరువాతి సంవత్సరములలో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థకు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు ఆరీ హాగెన్‌స్మిట్ దీని మూలమును కనుగొనెను. మోటారు బండ్లనుండియు, చమురు శుద్ధి కర్మాగారములనుండియు వెలువడు హైడ్రోకార్బనులును, నైట్రజను ఆక్సైడులును ఎండ తగిలి ఓజోనును పుట్టించుచున్నవని ఆయన నిరూపించెను. కొండలు చుట్టియున్న ఆ పల్లపు నగరమున గాలి కదలక నిలిచిపోవును. అచట ఎండయు మెండు, బండ్లును మెండు. 1967లో రొనాల్డ్ రీగన్ గవర్నరుగా నున్న కాలమున రాష్ట్ర వాయువనరుల బోర్డు ఏర్పడగా, ఆ హాగెన్‌స్మిట్ పండితుడే దానికి ప్రథమాధ్యక్షు డయ్యెను.

అదే సంవత్సరమున సమాఖ్య కాంగ్రెసు మోటారు పొగ విషయమున దేశమంతటికి ఒకే ప్రమాణ ముండవలెనని శాసించెను. కాని కాలిఫోర్నియాకు అంతకుముందే తనవైన ప్రమాణము లుండుటచేత, సమాఖ్య ప్రభుత్వము ప్రత్యేకానుజ్ఞ నిచ్చినచో ఆ రాష్ట్రము అంతకంటె కఠినమైన నియమములను పెట్టుకొనవచ్చునని వెసులుబాటు కల్పించెను. 1977 నాటి సవరణచే ఇతర రాష్ట్రములు కూడ కాలిఫోర్నియా ప్రమాణములను ఉన్నవి ఉన్నట్లు స్వీకరించుటకు వీలయ్యెను. అయితే తమకు తోచిన మూడవ ప్రమాణమును కల్పించుకొను హక్కు వానికి లేదు. న్యూయార్కు, మసాచుసెట్సు, వెర్మాంటు, ఒరెగాను మున్నగు రాష్ట్రములు కాలక్రమమున ఈ దారిని పట్టెను. కావున కాలిఫోర్నియా బోర్డు బిగించిన ముడియు, విప్పిన ముడియు ఆ రాష్ట్రముతోనే ఆగక దేశమున చాల భాగమునకు ప్రాకుచుండెను.

1990 నిబంధన ప్రకారము ఏడు పెద్ద కంపెనీలు తాము అచట అమ్ము బండ్లలో 1998లో నూటికి 2, 2001లో నూటికి 5, 2003లో నూటికి 10 చొప్పున నిర్ధూమ శకటములను తేవలసియుండెను. ఆ యేడు జనవరిలోనే జనరల్ మోటార్సువారు ఇంపాక్టు అను విద్యుత్తు బండి నమూనాను లాస్ ఏంజెలిస్ మోటారు ప్రదర్శనలో గర్వముతో చూపియుండిరి. మేము చేయగలమని చాటినవారిని, అట్లయిన చేయుడని బోర్డు కోరినది. అంతకంటె అన్యాయ మేమియు అందు లేదు.

తరువాత ఆరేండ్లకు మొదటి సడలింపు వచ్చెను. బ్యాటరీలు ఇంకను పరిణతి చెందలేదని నిపుణుల సంఘము తెలుపగా, 1996 మార్చిలో బోర్డు 1998 మొదలు 2002 వఱకు గల మెట్లను తొలగించి, 2003 నాటి నూటికి పదిని మాత్రము నిలిపెను. బదులుగా కంపెనీలు కొన్ని విద్యుత్తు బండ్లను ప్రయోగార్థము రోడ్డుమీదికి తెత్తుమని ఒడంబడికలు వ్రాసిచ్చెను. దీనిని నిందించినవారు పెక్కురు గలరు. మేము నిందింపము. అధికారులు చేను చూచిరి. పైరు ఎదుగలేదని తెలిసికొని గడువు నిచ్చిరి. చేరవలసిన చోటును మార్చలేదు. ఇది రెమిషను.

1998లో జరిగినది ఇట్టిది కాదు. మిక్కిలి శుభ్రముగా నడచు పెట్రోలు బండ్లకు పాక్షిక నిర్ధూమ శకటములని పేరిడి, నూటికి పదిలో ఆరువఱకు వానితోనే నింపుకొనవచ్చునని బోర్డు అనుమతించెను. 2001 సవరణతో పొగ లేని బండ్ల వంతు నూటికి రెండుకు దిగెను. ఆ పెట్రోలు బండ్లు మంచివే. 15 ఏండ్లు లేక 1,50,000 మైళ్లవఱకు వాని పొగ నియంత్రణ సాధనములకు కంపెనీలు పూచీపడవలసివచ్చెను. గాలికి నిక్కముగా మేలు కలిగెను. మంచి మెట్టను మంచి మెట్టయని వ్రాసి మెచ్చుకొనవచ్చును. దానిని తెచ్చి మాగాణి పద్దులో చేర్చుటయే తప్పు. పెట్రోలు త్రాగు బండికి నిర్ధూమమను పేరు తగిలించిననాడు ఆ పేరునకు అర్థము పోవుట ఆరంభమైనది.

కంపెనీలు అంతటితో తృప్తి పడలేదు. జనరల్ మోటార్సు, డెయిమ్లర్ క్రైస్లరు మొదలగువారు వేసిన దావాలో 2002 జూనున సమాఖ్య న్యాయస్థానము ఆ నిబంధనను 2003, 2004 నమూనాల విషయమున తాత్కాలికముగా ఆపివేసెను. బోర్డు 2003లో రాజీ పడెను. బ్యాటరీ బండ్లకు బదులుగా, పెద్ద కంపెనీలన్నియు కలసి 2008 నాటికి 250 హైడ్రోజను బండ్లను చూపిన చాలునని మఱియొక దారి తెఱచెను. కోట్ల బండ్లు తిరుగు రాష్ట్రమున 250 బండ్లు! జనరల్ మోటార్సువారు 1996 నుండి ఇ.వి.1 అను విద్యుత్తు బండిని అద్దెకు మాత్రమే ఇచ్చుచు, మొత్తము సుమారు 1,100 చేసియుండిరి. సొమ్ము చెల్లించి కొందుమని అద్దెదారులు వేడుకొన్నను వినక, వానిని వెనుకకు తీసికొని, మ్యూజియములకును విద్యాలయములకును ఇచ్చిన కొన్నిటిని తప్ప తక్కినవానిని నలుగగొట్టించిరి. నియమము మెత్తబడిన పిమ్మట ఆ బండ్లను నడుపుటకు కంపెనీకి కారణము కనబడలేదు.

ఇక క్రెడిట్ల సంగతి. బోర్డు బండ్లను బండ్లుగా లెక్కింపక క్రెడిట్లుగా లెక్కించు పద్ధతి పెట్టెను. కంపెనీ తన వంతుకు మించి క్రెడిట్లను సంపాదించినచో దాచుకొనవచ్చును. లేదా చాలని కంపెనీకి అమ్ముకొనవచ్చును. 2012లో అంగీకరించిన నియమముల ప్రకారము 2018లో నూటికి నాలుగున్నర, 2025లో నూటికి 22 క్రెడిట్లు కావలెను. నూటికి 22 అన్నంతనే వందలో 22 బండ్లు పొగ లేనివగునని సామాన్యుడు తలచును. కాని ఒక బండి ఎంతదూరము పోగలిగిన అన్ని ఎక్కువ క్రెడిట్లు. 200 మైళ్లు పోవుదానికి రెండున్నర, 350 మైళ్లు పోవుదానికి నాలుగు. బ్యాటరీలు మెఱుగుపడినకొలది తక్కువ బండ్లతోనే లెక్క నిండును. 2017లో బోర్డువారే పునర్విమర్శ చేసి, నూటికి ఇంచుమించు 8 బండ్లతోనే 2025 నాటి 22 క్రెడిట్లు నిండునని తేల్చిరి. శాస్త్రము ముందుకు నడచినందుకు ప్రతిఫలముగా ప్రజలకు దక్కవలసిన బండ్లు తగ్గినవన్నమాట. లెక్క నెఱిగినవారు తప్ప ఇతరు లీ సంగతిని గుర్తింపలేదు.

మఱియొక వింత చూడుడు. కాలిఫోర్నియాలో నమోదైన బ్యాటరీ బండిని, కంపెనీ అమ్మకముల నిష్పత్తినిబట్టి, ఆ నియమమును స్వీకరించిన ఇతర రాష్ట్రములలోను ఉన్నట్లే లెక్కించు సౌకర్య ముండెను. 2017 నమూనాలతోగాని అది ముగియలేదు. వేలమైళ్ల దూరమున పసిఫికు తీరమున తిరుగు బండి, అట్లాంటికు తీరమున మెయిను రాష్ట్రపు పద్దులో కనబడుచుండెను. పొరుగూరి చెఱువు నిండినదని మన యూరి చెఱువులో నీరు వ్రాసికొన్నట్లే గదా! ఆ తీరపు రాష్ట్రములలో విద్యుత్తు బండ్లు అంగళ్లలో దొరకుటయే అరుదయ్యెను. కొన్ని కంపెనీలు క్రెడిట్లకు కావలసినన్ని బండ్లను మాత్రమే చేసి, ఒకటి రెండు రాష్ట్రములలో అమ్మి, చేతులు దులుపుకొనెను. ఫియట్ క్రైస్లరు అధిపతి సెర్జియో మార్కియోన్నె 2014లో బహిరంగసభలోనే, తమ ఫియట్ 500ఇ ఒక్కొక్కదానిపై 14,000 డాలర్లు నష్టపోవుచున్నామనియు, దానిని ఎవరును కొనకున్నచో సంతోషింతుననియు పలికెను. అమ్ముట ఇష్టములేని వర్తకుడు సరకునకు ఎట్టి ప్రచారము చేయునో చెప్పనక్కరలేదు.

ఇంతమాత్రమున క్రెడిట్ల పద్ధతి యంతయు మోసమని మేము అనజాలము. న్యాయముగా రెండవ ప్రక్కయు చూడవలెను. అన్ని కంపెనీలును ఒకేనాడు ఒకే పని చేయలేవు. ముందు చేయగలవానికి లాభమును, వెనుకబడినవానికి ఖర్చును కలిగించి, ఇద్దఱిని బజారులో నిలుపుట చెడ్డ యుపాయము కాదు. టెస్లా కంపెనీకి 2020లో కాలిఫోర్నియా, సమాఖ్య, ఐరోపా నియమములన్నిటిక్రింద క్రెడిట్లు అమ్మినందున వచ్చినది సుమారు 158 కోట్ల డాలర్లు. ఆ యేటి దాని నికర లాభము 72 కోట్లు మాత్రమే. క్రెడిట్లు లేనిచో నష్టము చూపవలసినదే. అంతకుమున్ను జనరల్ మోటార్సు, టొయోటాలు కలసి నడిపి 2010లో మూసివేసిన ఫ్రీమాంటు కర్మాగారముననే ఆ కంపెనీ బండ్లు చేయ మొదలిడెను. ఫ్రీమాంటును దాని చుట్టుపట్ల యూళ్లును తెలుగు కుటుంబము లనేకము కాపురమున్న చోట్లే కనుక, మన పాఠకులలో పలువురకు ఆ పేరు క్రొత్త కాదు. 2025 నాటికి 15 లక్షల నిర్ధూమ శకటములు కావలెనని 2012లో గవర్నరు జెర్రీ బ్రౌను పెట్టిన లక్ష్యము 2023లోనే నెఱవేఱెను. 2023లోను 2024లోను ఆ రాష్ట్రమున అమ్ముడైన క్రొత్త బండ్లలో ఇంచుమించు నాలుగింట ఒకటి అట్టిది. ఎన్ని లొసుగు లున్నను మొదటి నిబంధన లేనిదే ఈ ఫలము లేదు.

2022 ఆగస్టులో బోర్డు చేసిన క్రొత్త నియమము తాను నేర్చిన పాఠములకు సాక్ష్యము. 2026లో నూటికి 35, 2030లో నూటికి 68, 2035లో నూటికి నూఱు. ఇందు లెక్క సూటియైనది: ఒక బండి ఒక బండియే. సడలింపులు లేకపోలేదు. పెట్రోలును విద్యుత్తును రెండును వాడు బండ్లతో వంతులో నూటికి 20 వఱకు నింపుకొనవచ్చును. పాత క్రెడిట్లను, ఇతర రాష్ట్రములలోని మిగులును కొంతవఱకు వాడుకొనవచ్చును; కాని వానికి పరిమితియు, ముగియు సంవత్సరమును ముందే వ్రాయబడెను. ఒక యేడు తక్కువపడినచో తరువాతి యేండ్లలో పూరింపవచ్చును. పేదలుండు పేటలకు తక్కువ ధర బండ్లను అందించినవారికి కొంత ఎక్కువ లెక్క దొరకును. బ్యాటరీ త్వరగా చెడిన కంపెనీయే పూచీ. నౌకాశ్రయముల ప్రక్కను, లారీల బాటల ప్రక్కను నివసించి అందఱికంటె ఎక్కువ పొగ పీల్చువాడు పేదవాడే కావున, ఈ చివరి సంగతులు దానధర్మములు కావు, బాకీ తీర్చుటయే. ఇట్టి సడలింపులనే మేము మెచ్చుకొందుము.

సమాఖ్య ప్రభుత్వ మీ నియమమునకు 2024 డిసెంబరులో ప్రత్యేకానుజ్ఞ నిచ్చెను. ఇంతలో దానిని స్వీకరించిన రాష్ట్రములలోనే వెనుకంజ మొదలాయెను. 2025 ఏప్రిలులో మేరీలాండును, మే నెలలో వెర్మాంటు, మసాచుసెట్సులును అమలును వాయిదావేసెను. విద్యుత్తు నింపు స్థానములు చాలవనియు, కంపెనీలు క్రెడిట్ల కొఱతచే బండ్లు పంపుట మానివేయుననియు, ధరలు హెచ్చుననియు వారు చెప్పిన కారణములు. ఇవి కల్లలు కావు. చలిదేశమున కొండదారులలో తిరుగు వెర్మాంటు రయితును, లాస్ ఏంజెలిస్ పురవాసిని ఒకే త్రాసున తూచరాదు. అద్దెయిండ్లలో నుండువారికి రాత్రి బండికి విద్యుత్తు పెట్టుకొను చోటు లేకపోవుట నిజమైన కష్టమే. అట్లని ఉత్త వాయిదా రెమిషను కానేరదు. ఏ కష్టమునుబట్టి వాయిదా యిచ్చిరో ఆ కష్టము తీరుటకు ఎన్ని స్థానములు, ఏనాటికి, ఎవరి ఖర్చుతో కట్టుదురో అదే యుత్తరువులో వ్రాయవలెను. అట్లు వ్రాయని వాయిదా మఱియొక వాయిదాకు బీజము.

అంతలో గొప్ప దెబ్బ వేఱొక దిక్కునుండి తగిలెను. కాంగ్రెసు ఆ ప్రత్యేకానుజ్ఞను రద్దుచేయు తీర్మానమును ఆమోదింపగా, 2025 జూన్ 12న అధ్యక్షుడు ట్రంపు దానిపై సంతకము చేసెను. ఇట్టి అనుజ్ఞ ఆ శాసన విధానముక్రిందికి రాదని సెనేటు నిబంధనల పరిశీలకురాలు చెప్పిన సలహాను త్రోసిరాజనిరి. అదే దినమున కాలిఫోర్నియాయు మఱికొన్ని రాష్ట్రములును న్యాయస్థానము నాశ్రయించెను. ఇది సడలింపు కాదు. శిస్తు తగ్గించుటకును, పట్టాయే రద్దుచేయుటకును గల భేద మిందున్నది. తమ గాలిని తాము కాపాడుకొందుమని ఒక రాష్ట్రపు ప్రజలు అర్ధశతాబ్దికి పైగా వాడుకొనిన హక్కును దూరమునున్న రాజధానిలో ఒక సంతకముతో తుడిచివేయుట, స్వపరిపాలన విలువ నెఱిగిన మన జాతికి రుచింపదు.

ఇందు కాలిఫోర్నియాకును ఒక గుణపాఠ మున్నది. ముప్పది యేండ్లు క్రెడిట్ల చిక్కుముడులలో నియమమును దాచియుంచుటచే, దానివలన తమకు కలిగిన లాభమేమో సామాన్య ప్రజలకు బోధపడలేదు. కంపెనీల గుమాస్తాలకును, బోర్డు గుమాస్తాలకును మాత్రమే తెలిసిన నియమమును ఎవరైన తీసివేయవచ్చినప్పుడు, దానికొఱకు వీథిలో నిలుచువారు కొద్దిమందియే యుందురు.

మన దేశపు సంగతి చూతము. మన రాజ్యాంగమున మోటారు బండ్లపై పన్ను రాష్ట్రముల చేతిలోనిది. వాని పొగకు ప్రమాణములు పెట్టుట 1988 నాటి మోటారు వాహనముల చట్టముచే కేంద్రము చేతిలోనిది. కావున తెలంగాణము 2024 నవంబరులో చేసినట్లు విద్యుత్తు బండ్లకు రోడ్డుపన్ను మాఫీ చేయగలము గాని, కంపెనీకి ఇన్ని బండ్లు తెమ్మని చెప్పజాలము. కేంద్రమువారి ఇంధన పొదుపు నియమములలో, 2022లో ఆరంభమైన రెండవ దశయందు, ఒక విద్యుత్తు బండి సగటు కట్టునప్పుడు మూడు బండ్లుగా లెక్కకు వచ్చును. పెట్రోలుతో నడచు బలమైన హైబ్రిడ్ బండి రెండుగా వచ్చును. పసిపైరునకు కొంతకాల మిట్టి ప్రోత్సాహము కూడదని మేము అనము. కాని ఒకటిని మూడని వ్రాయు పద్దు ఏనాడు ముగియునో ముందే చెప్పవలెను. కాలిఫోర్నియాలో 22 ఎట్లు 8 అయినదో ఢిల్లీలోని విజ్ఞులు ఒకసారి చదువుదురు గాక.

కంపెనీలు కష్టము చెప్పుకొన్నప్పుడు ప్రభుత్వము చెవి యొగ్గవలసినదే. వినని ప్రభుత్వము నియమమును విఱుగగొట్టును. అయితే ఇచ్చిన ప్రతి సడలింపునకును కారణమును, గడువును ప్రకటింపవలెను. ఏటేట క్రెడిట్ల సంఖ్య ప్రక్కనే ఆ రాష్ట్రమున నిక్కముగా రోడ్డెక్కిన బండ్ల సంఖ్యను ప్రచురింపవలెను. ఈ రెండు సంఖ్యలను ఒకచోట చూచుటకు మన ప్రజలు అభ్యాసపడినచో, కరణము కలము తప్పుదారిని త్రొక్కుటకు చాల జంకును. మన పార్లమెంటు సభ్యులు రాబోవు దశ నియమములు ఖాయముగాక మునుపే ఈ ప్రశ్నను సభలో అడుగుదురని ఎదురుచూచుచున్నాము.